గొడ్డలి, రంపం, యువత: మెట్ట ప్రాంత శిబిరాలకు ఒక భద్రతా పాఠం

జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా కంచికచర్ల వైపు జాతీయ రహదారి మీద వస్తుంటే పత్తి, మిరప చేల మధ్య దట్టంగా పెరిగిన సుబాబుల్ తోటలు కనిపిస్తాయి. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ నేలలో కాగితపు మిల్లుల కోసం సుబాబుల్ పెంచడం చాలామంది రైతులకు జీవనాధారం. నాటిన మూడు నాలుగేళ్లకు తోట కోతకు వస్తుంది. నరికిన మోడు మళ్లీ పిలకలు వేస్తుంది. చేలగట్ల మీద నల్లతుమ్మ, చెరువు లోపల, పోరంబోకుల్లో సర్కారు తుమ్మ సరేసరి. అందుకే ఇక్కడి పల్లెల్లో గొడ్డలి లేని ఇల్లు అరుదు.

అయితే ఇంట్లో గొడ్డలి ఉండటం వేరు, దాన్ని వాడటం తెలియడం వేరు. ఈ రోజు కళాశాలలో చదివే కుర్రవాడు, అమ్మాయి గొడ్డలిని చూసి ఉంటారు గాని, పట్టి ఉండరు. వారే జాతీయ సేవా పథకం శిబిరానికో, స్కౌట్ల శిబిరానికో వెళ్లినప్పుడు బడి ఆవరణలో ముళ్లకంప కొట్టాలి, కాలవగట్టు బాగు చేయాలి, వంటకు కట్టెలు చీల్చాలి. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లు వచ్చాయి. అలాంటి వరద తీశాక తూముల్లో, కల్వర్టుల కింద ఇరుక్కున్న కొమ్మలు తీయడానికి ఊళ్లో అందరికంటే ముందు దిగేది యువకులే. ఆ ఉత్సాహానికి తగిన శిక్షణ ఉండాలి. గొడ్డలి దెబ్బలో ఉన్న శక్తి ఎంత, అది ఎటు పోతుంది అన్నది తెలిసిన చేతికే పనిముట్టు ఇవ్వాలి. ఇది ధైర్యానికో, కండబలానికో సంబంధించిన విషయం కాదు, పదో తరగతి భౌతిక శాస్త్రంతో అర్థమయ్యే విషయం.

ఒక దెబ్బలో ఎంత శక్తి?

కదిలే వస్తువు గతిజశక్తి దాని ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. పెద్ద గొడ్డలి ఇనుము బరువు ఒకటిన్నర కిలో అనుకుందాం. రెండు చేతులతో ఎత్తి కొట్టినప్పుడు అది సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటే దానిలోని శక్తి 75 జౌళ్లు. అదే ఇనుము ఐదు మీటర్ల ఎత్తు నుంచి జారి కింద పడినా అంతే శక్తి ఉంటుంది. ఆ శక్తినంతా వెంట్రుకవాసి మందం ఉన్న వాదర మీద కేంద్రీకరిస్తాం కనుకనే గట్టి తుమ్మ కూడా చీలుతుంది. అది కర్రకు తగలకపోతే శక్తి ఎక్కడికీ మాయం కాదు. నేలలోకో, రాయిలోకో, కాలిలోకో పోతుంది.

వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోవాలి. కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. దెబ్బ సరిగా పడకపోతే గురి సరిచూసుకోవడానికి బదులు ఇంకా జోరుగా కొడతారు. గురి అలాగే ఉంటుంది, ప్రమాదం మాత్రం నాలుగు రెట్లవుతుంది. పైగా మనిషి కన్ను చూసి, మెదడు గ్రహించి, కండ కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. కిందికి వస్తున్న గొడ్డలిని మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. జాగ్రత్త అంతా గొడ్డలి ఎత్తక ముందే తీసుకోవాలి.

కామ నుంచి ఇనుము ఊడితే? సెకనుకు 10 మీటర్ల వేగంతో ఏటవాలుగా పైకి ఎగిరిన ఇనుము పది మీటర్లకు పైగా వెళ్లి పడగలదు. కనుక కొట్టేవాడికి ఎదురుగా గాని, సరిగ్గా వెనుక గాని ఎవరూ నిలబడకూడదు. పక్కన ఉన్నవారు కూడా చేయి, కామ కలిసిన పొడవుకు రెట్టింపు దూరంలో, అంటే కనీసం మూడు మీటర్ల ఎడంలో ఉండాలి. శిబిరంలో ఈ వలయాన్ని ముగ్గుపిండితో నేల మీద గీసి, పక్కలకు మూడు మీటర్లు, ముందూ వెనకా పది మీటర్లకు మించి ఖాళీ వదలడం మంచిది. గీత లోపల ఒక్కరే ఉండాలి. ఎవరైనా గీత దాటితే గొడ్డలి కిందికి దించాలి. ఈ ఒక్క నియమం కచ్చితంగా పాటిస్తే పక్కవారికి తగిలే గాయాల్లో చాలా భాగం తప్పిపోతాయి.

ముందు రంపం, తర్వాతే గొడ్డలి

రంపాన్ని ఇదే లెక్కతో చూద్దాం. చేతిరంపం బరువు అరకిలో, అది కదిలే వేగం సెకనుకు ఒకటిన్నర మీటరు అనుకుంటే ఏ క్షణంలోనైనా దానిలో ఉన్న గతిజశక్తి ఒక జౌలు కూడా ఉండదు. గొడ్డలితో పోలిస్తే నూరో వంతు కన్నా తక్కువ. రంపం కోతకు కావలసిన శక్తిని నిల్వ చేసుకోదు. చేయి తోసినంతసేపు కోస్తుంది, చేయి ఆగిన మరుక్షణం ఆగుతుంది. అందువల్ల యువకులకు పని నేర్పేటప్పుడు రంపంతో మొదలుపెట్టడమే శాస్త్రీయం. మణికట్టు లావు కొమ్మను ముక్కలు చేయడానికి గొడ్డలి అవసరమే లేదు.

రంపంలోనూ రెండు ప్రమాద ఘడియలున్నాయి. మొదటిది కోత మొదలయ్యేటప్పుడు. అప్పటికి పళ్లకు గాడి ఏర్పడి ఉండదు. తొందరపడి తోస్తే రంపం ఎగిరి, కర్రను పట్టుకున్న ఎడమచేతి బొటనవేలి మీద పడుతుంది. అందుకే మొదటి నాలుగైదు లాగుళ్లు బరువు వేయకుండా, మన వైపు లాగుతూ వేయాలి. గాడి పడ్డాకే పూర్తి పొడవున ఆడించాలి. కర్రను పట్టుకున్న చేయి కోతకు జానెడు దూరంలో ఉండాలి, ఆ చేతికి తోలు తొడుగు ఉండాలి. రెండోది కోత ముగిసేటప్పుడు. తోపు తగ్గించకపోతే కర్ర తెగిన ఊపుకు రంపం మోకాలి మీదికి దూసుకువస్తుంది. చివరి అంగుళంలో వేగం తగ్గించాలి.

రంపం పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొద్దిగా వంచి ఉంచుతారు. అందువల్ల గాడి రేకు మందం కన్నా వెడల్పుగా పడి, రేకు ఇరుక్కోకుండా ఆడుతుంది. ఆ వంపు పోయిన రంపం పచ్చికర్రలో బిగుసుకుంటుంది. బిగుసుకున్న దాన్ని గుంజుతూ పట్టు తప్పడమే ప్రమాదానికి మూలం. శిబిరానికి ముందే రంపాన్ని వడ్రంగికి చూపించి పళ్లు సరిచేయించాలి.

కర్ర లోపలి కథ

కలప అంటే నిలువునా పేర్చిన సన్నని గొట్టాల్లాంటి కణాల కట్ట. సెల్యులోజ్ పోగులు దాని బలం, లిగ్నిన్ వాటిని అంటించే జిగురు. పోగులను అడ్డంగా తెంచడం కష్టం, వాటి మధ్య అతుకును నిలువునా విడదీయడం తేలిక. రంపం పోగులను ఒక్కొక్కటిగా తెంచుతుంది, గొడ్డలి చీలలా దూరి అతుకును విప్పుతుంది. కాబట్టి అడ్డంగా కోయడం రంపం పని, నిలువునా చీల్చడం గొడ్డలి పని. ఈ పని విభజన పాటిస్తే సగం ఇబ్బందులు రావు.

జాతి జాతికీ తేడా ఉంటుంది. వేగంగా పెరిగే సుబాబుల్ పోగు నిటారుగా ఉండి, మొద్దు కొస నుంచి కొడితే శుభ్రంగా చీలుతుంది. నల్లతుమ్మ చేవ గట్టిది, కణుపులు ఎక్కువ. కణుపు దగ్గర పోగులు మెలితిరిగి ఉంటాయి గనుక వాదర దిగకుండా పక్కకు జారుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఎంతో మెత్తన, తేలిక. అదే బలంతో కొడితే గొడ్డలి అనుకున్న దానికన్నా చాలా లోతుకు పోతుంది. కర్రను గుర్తుపట్టి, కణుపు చూసి, దెబ్బ బలం నిర్ణయించుకోవడం ఊళ్లో పెద్దలకు అలవాటుగా వచ్చిన విద్య. శిబిరంలో ఈ పాఠం చెప్పడానికి స్థానిక వడ్రంగి కన్నా మంచి గురువు దొరకడు.

సర్కారు తుమ్మది మరో సమస్య. 1870ల్లో మన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వంటచెరకు కోసం నాటిన ఈ అమెరికా ఖండపు చెట్టు ఇప్పుడు తెలుగునాట పోరంబోకు భూముల్ని ఆక్రమించింది. దాని ముల్లు మామూలు రబ్బరు చెప్పును తేలిగ్గా దాటుతుంది. ముందు పొడవాటి కర్రతో కంపను కదిలించి పాములు లేవని చూసుకోవాలి. తర్వాత చివరి కొమ్మల నుంచి మొదలుపెట్టి మొదలు వైపు రావాలి. ముళ్లకొమ్మలను పక్కకు ఈడ్చి నడిచే దారి ఖాళీ చేశాకే లావు కొమ్మ మీద చేయి వేయాలి.

నరికిన తోటల్లో మరో ముప్పు పొంచి ఉంటుంది. గొడ్డలితో ఏటవాలుగా కొట్టిన సుబాబుల్ మోడు బల్లెపు మొనలా నిలబడుతుంది. తట్టుకుని దాని మీద పడితే పొట్టలో దిగుతుంది. కాబట్టి సన్నని మొక్కలను తొలగించేటప్పుడు నేలకు ఆనించి, రంపంతో చదునుగా కోయమని నేర్పాలి.

వంగిన కొమ్మ మాట వినాలి

కొమ్మను కోసే ముందు అది ఎక్కడ నొక్కుకుపోయి ఉంది, ఎక్కడ సాగి ఉంది అని చూడాలి. రెండు చివర్లూ రాళ్ల మీద ఆని మధ్యలో గాలిలో ఉన్న దుంగకు పైభాగం నొక్కుకుని, అడుగుభాగం సాగి ఉంటుంది. పైనుంచి కోస్తూ పోతే గాడి మూసుకుని రంపాన్ని కరుస్తుంది. ఒక్క చివరే ఆని, రెండో చివర వేలాడుతున్న దుంగకు ఇది తిరగబడుతుంది. పైభాగం సాగి ఉంటుంది గనుక పైనుంచి కోస్తే తెగక ముందే నిలువునా చీలిపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ నొక్కుకున్న వైపు మూడో వంతు మందం కోసి, తర్వాత సాగిన వైపు నుంచి పూర్తి చేయాలి.

వరద తర్వాత కల్వర్టు కింద ఇరుక్కున్న కొమ్మలు, గాలివానకు ఒకదాని మీద ఒకటి పడ్డ చెట్లు ఇలాంటి బిగువులతో నిండి ఉంటాయి. విల్లులా వంగి మరో చెట్టు కింద చిక్కుకున్న లేత మాను తెగిన క్షణంలో మనిషి పళ్లు రాలగొట్టేంత జోరుతో లేస్తుంది. అలాంటివి కనిపిస్తే యువకులు దూరంగా జరగాలి. ఆ పని అనుభవజ్ఞులది, అగ్నిమాపక, విపత్తు దళాలది.

పదును, కామ, చీల

మొద్దు గొడ్డలి ఇస్తే పిల్లలకు క్షేమమనుకోవడం పెద్ద అపోహ. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. వాదర మందం పదింతలైతే కర్ర మీద పీడనం పదో వంతుకు పడిపోతుంది. వాదర దిగదు, ఏటవాలు ఉపరితలం మీద జారి కాలి మీదికి వస్తుంది. దిగలేదని ఇంకా బలంగా కొడతారు. పదునైన గొడ్డలి తక్కువ బలంతో దిగుతుంది, దిగిన చోటే నిలుస్తుంది. శిబిరం మొదటి రోజున ఆకురాయి, సానరాయి పట్టడం నేర్పడం కూడా భద్రత పాఠమే.

కామ సంగతి ఇంకా ముఖ్యం. మన మెట్టలో వేసవి ఎండకు కామ ఎండి కుంచించుకుపోతుంది, ఇనుము వదులవుతుంది. చాలామంది గొడ్డలిని రాత్రంతా నీళ్ల తొట్టిలో వేసి ఉంచుతారు. తెల్లారేసరికి బిగుస్తుంది. కాని అది తాత్కాలికం, పైగా హానికరం. నీరు పీల్చి ఉబ్బిన పోగులు ఇనుప బెజ్జంలో చోటు లేక నలిగిపోతాయి. మళ్లీ ఎండినప్పుడు అవి మునుపటికన్నా సన్నబడతాయి. ఇనుము మునుపటికన్నా వదులవుతుంది. ఎండిన కామను బెజ్జంలోకి బాగా దిగగొట్టి, పైకొసన చీల దిగవేయించడమే సరైన పద్ధతి. కామకు చిరుమాను వంటి గట్టి, సాగే గుణమున్న కర్ర మేలు. పగులు ఉన్న కామను తీగ చుట్టి వాడకూడదు. ప్రతి రోజూ పని మొదలయ్యే ముందు గొడ్డలిని తలకిందులుగా పట్టి ఇనుము కదులుతోందేమో చూడటం ఒక నియమంగా పెట్టాలి. ఇరుక్కున్న గొడ్డలి వెనకవైపు మరో గొడ్డలితో కొట్టడం అసలే కూడదు. గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు పడితే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి.

ఒళ్లు, దుస్తులు, వేళ

చేతి గొడ్డలితో పని చేసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోవాలి. నిలబడి కొడితే గురి తప్పిన గొడ్డలి గీసే వృత్తఖండం మోకాలు, పిక్క మీదుగా పోతుంది. మోకాళ్ల మీద కూర్చుని, ఎదుట మొద్దు పెట్టుకుంటే అదే వృత్తఖండం ఒంటికి చేరక ముందే మొద్దులోనో నేలలోనో ముగుస్తుంది. చీల్చే ముక్కను మొద్దుకు అవతలి అంచు వైపు పెట్టాలి. అప్పుడు తప్పిన దెబ్బను ఇవతలి సగం ఆపుతుంది. సన్నని పుల్లలను చేత్తో పట్టుకుని కొట్టకూడదు. వాదరను పుల్లకు ఆనించి, రెండింటినీ కలిపి ఎత్తి మొద్దు మీద మోదితే చీలుతుంది, వేలు ముందు ఉండదు.

కాళ్లకు మూసిన తోలు బూట్లు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గొడ్డలి పట్టే చేతులకు తొడుగు ఉండకూడదు, పట్టు జారుతుంది. చున్నీ, కండువా, వదులు లుంగీ పని స్థలానికి దూరంగా ఉండాలి. నందిగామ, జగ్గయ్యపేట వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు. ఒంట్లో నీరు తగ్గితే ముందు దెబ్బతినేది ఏకాగ్రతే. కొట్టే పని ఉదయం పది లోపు ముగించాలి. పది పదిహేను నిమిషాలకొకసారి మనిషి మారాలి. అలసిన చేయి గురి తప్పుతుంది.

ఎవరికి ఏ పని?

మన దేశంలో 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం, 18 ఏళ్లలోపు వారిని ప్రమాదకర పనుల్లో పెట్టడం చట్టవిరుద్ధం. శిబిరంలో నేర్చుకోవడం ఉద్యోగం కాదు. అయినా ఆ వయసు గీతలు మంచి కొలమానమే. పద్నాలుగు లోపు పిల్లలు పెద్దల పక్కన చేతిరంపంతో సన్నని కొమ్మలు కోయవచ్చు. పద్నాలుగు దాటినవారు రంపంలో చేయి తిరిగాక చేతి గొడ్డలి పట్టవచ్చు. రెండు చేతుల పెద్ద గొడ్డలి పద్దెనిమిది నిండిన వలంటీర్లకే.

నిలబడి ఉన్న చెట్టును పడగొట్టడం, చెట్టెక్కి కొమ్మలు నరకడం, యంత్ర రంపం పట్టడం మాత్రం ఏ శిబిరంలోనూ విద్యార్థుల పని కాకూడదు. యంత్ర రంపం గొలుసు సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతుంది. దాని రేకు పైకొస దేనికైనా తగిలితే మనిషి స్పందించే లోపే రంపం ముఖం మీదికి ఎగురుతుంది. పైగా ఊరి చెట్లు కొట్టడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది.

గాయమైతే

ప్రతి శిబిరంలో పనిముట్ల పక్కనే శుభ్రమైన గుడ్డ, కట్లు, నీళ్లు ఉండాలి. రక్తం వస్తుంటే గాయం మీద గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా నొక్కి, పది నిమిషాలపాటు ఎత్తి చూడకుండా ఉండాలి. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీద మరొకటి పెట్టాలి. పసుపు, కాఫీపొడి చల్లకూడదు. అవి మలినాలను లోపలికి చేరుస్తాయి. కాలి నుంచో చేతి నుంచో రక్తం చిమ్ముతూ, నొక్కినా ఆగకపోతే గాయానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన సమయం రాసి పెట్టాలి. తొడ రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. వేలు తెగిపడితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని మంచు ముక్కల మీద ఉంచి రోగితోపాటు పంపాలి. నేరుగా మంచులో వేయకూడదు.

జగ్గయ్యపేట నుంచి విజయవాడ పెద్ద ఆసుపత్రులకు 70, 80 కిలోమీటర్లు, నందిగామ నుంచి 50 వరకు ఉంటుంది. కనుక 108కు ఫోన్ చేసేది ఎవరు, దారి చూపేది ఎవరు అన్నది పని మొదలవక ముందే నిర్ణయించాలి. మట్టి అంటిన గాయం, ముల్లు గుచ్చిన గాయం ధనుర్వాతానికి దారి తీయవచ్చు. శిబిరానికి వచ్చే ప్రతి ఒక్కరి టీకా వివరం ముందే తీసుకోవాలి.

నేర్పడం మన బాధ్యత

చేతిపని చదువులో భాగం కావాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫిన్లాండ్ 1866లోనే పాఠశాలల్లో చేతిపనిని ప్రవేశపెట్టింది. 1908లో బేడెన్ పవెల్ రాసిన స్కౌట్ల పుస్తకంలో గొడ్డలి వాడకం ఒక పాఠం. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతివృత్తి చుట్టూ చదువును అల్లాలని కోరారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న మొదలైందే జాతీయ సేవా పథకం. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమం. ఆ ఏడు రోజుల్లో మొదటి ఉదయం ఒక్కటి పనిముట్ల పాఠానికి కేటాయించడం ఏ కళాశాలకూ భారం కాదు.

కార్యక్రమ అధికారులకు, స్కౌట్ మాస్టర్లకు, ఊరి పెద్దలకు ఒక్కటే విన్నపం. గొడ్డలి ప్రమాదమని పిల్లల చేతికి అందకుండా దాచవద్దు, కుర్రాళ్లే కదా అని తీసి చేతిలో పెట్టవద్దు. మీ ఊరి వడ్రంగిని, కమ్మరిని, తోట నరికే అనుభవజ్ఞుణ్ణి శిబిరానికి పిలవండి. భౌతిక శాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి వారి పక్కన నిలబెట్టండి. వలయం గీయండి, కామ చూడండి, రంపంతో మొదలుపెట్టండి. ఈ క్రమం పాటించని శిబిరంలో గొడ్డలిని బయటికి తీయకండి.